కుడి అంచున యాభై రెండు

పలాస వైపునుంచి వచ్చే గూడ్సు బండి దాటిపోయిన తరువాత మరో నాలుగు నిమిషాలు ఆగితే గాని సుహాసిని కొలతకు కూర్చోదు. ఆమదాలవలస స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ పరీక్షాశాల ఒకప్పుడు బియ్యపు మిల్లువారి గోదాము. మూరెడు మందం గోడలు, ఎత్తైన కప్పు. వైశాఖంలో సైతం లోపల చలవ తగ్గదు. ఆ గుణం చూసే నరసింగరావుగారు తమ తాతలనాటి గోదామును లెన్సులను పరీక్షించే శాలగా మార్చారు. వేడిని ఆపిన గోడలు నేల అదురును మాత్రం ఆపలేకపోయాయి. బండి కనుమరుగైనా నల్లరాతి బల్ల అడుగున సన్నని వణుకు కొంతసేపు మిగిలే ఉంటుంది. అది చేతికి తెలియదు, చెవికి తెలియదు, లెన్సుకు తెలుస్తుంది. అందుచేత సుహాసిని పదకొండేళ్ళుగా ప్రతి కొలత పక్కనా అంతకు ముందు వెళ్ళిన బండి వేళను, తరువాత రాబోయే బండి వేళను నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఏ బండి ఎంత ఆలస్యమో స్టేషనువారికన్నా ఆమెకే ముందు తెలుస్తుందని శాలలో నవ్వుకుంటారు.

రథసప్తమి వెళ్ళిన నాలుగోనాడు, గురువారం ఉదయం, ఆమె చేతులకు తొడుగులు వేసుకొని నల్లపెట్టెలోనుంచి ఒక లెన్సును పైకి తీసింది. రెండు వేళ్ళ నడుమ దాని నడుమును పట్టుకొని, గాజుకు ఊపిరి తగలకుండా ముఖం పక్కకు తిప్పుకొని, గాలిబుడ్డితో రెండుసార్లు ధూళి ఊది, పీట మీద కూర్చోబెట్టింది. లెన్సు అడుగున ఇత్తడి కడియం ఒకటి ఉంటుంది. ఆ కడియం పీటకు అంతటా సమంగా ఆనాలి. పీటకున్న మూడు మరలనూ వంతులవారీగా, ఒక్కొక్కదాన్ని పావు చుట్టు మాత్రమే తిప్పుతూ బిగించడం ఆమె పద్ధతి. ఒక్క మరనే గట్టిగా బిగించి తరువాత మిగతా వాటి జోలికి వెళ్ళేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

పరీక్ష ఏమిటో చెప్పడం సులభమే. నలుపు తెలుపు గీతలు జతలు జతలుగా ఉన్న గాజుపలకను వెలుగు ముందు నిలిపి, లెన్సు దాని ప్రతిబింబాన్ని ఎలా పట్టుకుంటుందో చూస్తారు. ప్రతిబింబంలో మిల్లీమీటరు వెడల్పుకు నలభై జతల గీతలు పడతాయి. వాటిలో నలుపు ఎంత నలుపుగా, తెలుపు ఎంత తెలుపుగా మిగిలిందో నూటికి ఇన్ని పాళ్ళని యంత్రం చెబుతుంది. నడిమి భాగంలో సాధారణంగా ఏ లెన్సయినా బాగానే చూస్తుంది. దాని యోగ్యత తెలిసేది అంచులలో.

ఆనాడు పీటమీద ఉన్నది ఊళ్ళు తిరిగి వచ్చిన లెన్సు. ఒకే లెన్సును నాలుగు శాలలలో కొలిస్తే ఒకే అంకె వస్తుందా రాదా అని తేల్చుకోవడానికి నాలుగు పరీక్షాశాలలు ఒడంబడిక చేసుకున్నాయి. లెన్సు నరసింగరావుగారి శాలది. కనుక మొదటి కొలతా ఇక్కడే, చివరి కొలతా ఇక్కడే. నడుమ అది దూరపు ఊళ్ళలోని మూడు శాలలకు వెళ్ళి రావాలి. విశాఖపట్నంలో ఉండే ధనరాజుగారు అనే విశ్రాంత ఆచార్యులు మధ్యవర్తిగా కూర్చొని అంకెలను పోల్చిచూస్తారు. పోలిక కుదిరితే ఈ శాల మాటకు దేశమంతటా మన్నన దొరుకుతుంది. కంటి ఆసుపత్రుల కెమెరాలకు లెన్సులు చేసే కంపెనీలు ఆ మన్నన కోసమే కాచుకొని ఉన్నాయి.

దసరాలకు ముందు సుహాసిని చేసిన మొదటి కొలతలో నడుమ డెబ్భై ఒకటి, ఎడమ అంచున యాభై మూడు, కుడి అంచున యాభై రెండు వచ్చాయి. మొన్న మంగళవారం లెన్సుతో పాటు ధనరాజుగారి పట్టిక కూడా వచ్చింది. నడిమి అంకెలు నాలుగు శాలలవీ కవలపిల్లలవలె ఉన్నాయి. ఎడమ అంచులు కూడా ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. కుడి అంచున మాత్రం రెండో శాలకు ముప్పై తొమ్మిది, మూడో శాలకు ముప్పై ఎనిమిది, నాలుగో శాలకు ముప్పై తొమ్మిది. మొదటి శాలకు ఒక్కదానికే యాభై రెండు.

లెన్సు గది చలవకు అలవాటు పడాలని రెండు రోజులు ఆగారు. ఇప్పుడు ఆమె మీట నొక్కి, తెరమీద గీత పైకి కిందికి ఊగి నిలకడకు వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. వచ్చిన అంకెను చూసింది. మరలు విప్పి, లెన్సును తీసి, మళ్ళీ కూర్చోబెట్టి, మళ్ళీ కొలిచింది. మూడోసారీ అంతే.

పక్కబల్ల దగ్గర పనిచేసే నవీన్ తల ఎత్తి, "ఎంతక్కా?" అన్నాడు.

"ముప్పై తొమ్మిది."

నాలుగో శాలవారు కొలిచినా, మూడో శాలవారు కొలిచినా అది వాళ్ళ చేయి. ఇప్పుడు ఆమె యాభై రెండును కాదన్నది ఆమె చేయే.

*

నరసింగరావుగారు ఎన్నడూ గొంతు పెంచి ఎరుగరు. ముప్పై ఏళ్ళు దూరదేశాలలో కెమెరాల కర్మాగారాలలో పనిచేసి, అరవై నిండాక సొంత ఊరు చేరుకున్న మనిషి. తెల్లవారుజామున స్నానసంధ్యలు ముగించి, పారాయణ ముగించి, ఎనిమిదికల్లా శాలలో ఉంటారు. బి.యస్సీ చదివి ఇంట్లో కూర్చున్న సుహాసినిని పిలిపించి, లెన్సు పట్టుకోవడం మొదలుకొని అంతా నేర్పింది ఆయనే. ఆమె వెళ్ళేసరికి బల్లమీద టైపు చేసిన కాగితం ఒకటి సిద్ధంగా ఉంది. ఆయన దాన్ని ఆమె వైపు తిప్పి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

సుహాసిని అను నేను, మొదటి కొలత సమయమున రైలు అదురును గమనింపక పొరబడితినని భావించుచున్నాను; కావున ఆ కొలతను కొట్టివేయ ప్రార్థన. కాగితంలో ఉన్నది అంతే. మొదటి కొలత పొరపాటని ఒప్పుకుంటే దాన్ని తీసివేసి చివరి కొలతనే లెక్కలోకి తీసుకుంటామని, లేకుంటే ఈ శాలకు పోలిక కుదరలేదని రాయవలసి వస్తుందని ధనరాజుగారు ఉత్తరం పంపారు. అలా రాస్తే మన్నన మరో ఏడాదికి వాయిదా పడుతుంది. కాగితం ఇస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. కొలత కొట్టివేయబడినవారు ఆరు నెలలు రాతిబల్ల ముందు కూర్చోరాదన్నది శాల పెట్టినప్పటినుంచీ ఉన్న నియమం. రెండేళ్ళ కిందట నవీన్ ఆరు నెలలు పెట్టెలు కట్టాడు.

ఆమె నోటుపుస్తకం తెరిచి ఆ నాటి పుట చూపించింది. ముందు వెళ్ళిన బండి, తరువాత వచ్చిన బండి, నడుమ ఇరవై ఆరు నిమిషాల ఖాళీ. ఆ ఖాళీలో మూడు కొలతలు: యాభై రెండు, యాభై రెండు, యాభై ఒకటిన్నర. నరసింగరావుగారు ఆ పుటను రెండుసార్లు చదివారు. చదివి మెల్లగా మూశారు.

"నీ రాత మీద నాకు అనుమానం నేదమ్మా. కానీ నాలుగు సోట్ల ఒకటే అంకె వచ్చినాది. అందులో ఒకటి నీ సెయ్యే. ఇంకేటి సెప్పమంటావు ధనరాజుకి?"

ఆయన కోపపడి ఉంటే ఆమెకు మాట దొరికేది. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా తెలిసినట్టు సంతకం చేయలేనని మాత్రం చెప్పి, సోమవారందాకా గడువు అడిగింది. సోమవారం మధ్యాహ్నం ఉత్తరం పోస్టులో పడాలని ఆయన అన్నారు. కాగితాన్ని మడవకుండా అలాగే ఆమె చేతికి ఇచ్చారు.

*

శుక్రవారమంతా ఆమె లెన్సును తిప్పింది. పీటమీద ఉన్నదాన్ని ఉన్నచోటనే సగం చుట్టు తిప్పి బిగిస్తే, దాని కుడి అంచు ఎడమకు, ఎడమ అంచు కుడికి వస్తాయి. తప్పు బల్లదో యంత్రానిదో అయితే ముప్పై తొమ్మిది కుడివైపే ఉండిపోవాలి. లెన్సుదైతే లెన్సుతో పాటు తిరగాలి. బండికీ బండికీ నడుమ ఆమె తిప్పి చూసింది. ముప్పై తొమ్మిది ఎడమకు వచ్చింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ కుడికి వెళ్ళింది.

ఇప్పటి ముప్పై తొమ్మిది నిజం. ఆనాటి యాభై రెండు కూడా నిజమైతే లెన్సు నడుమ ఎక్కడో మారి ఉండాలి. ఆమె ఆ మాట నవీన్‌తో అన్నది. నరసన్నపేటనుంచి రోజూ బస్సులో వచ్చే నవీన్ మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుకొని కూడా ఆ సంగతే తర్కించాడు. పార్సిలులో పడేసి ఉంటారన్నాడు. సుహాసిని పెట్టె మూత తిప్పి, దెబ్బ తగిలితే ఎర్రబడే చీటీని చూపించింది. అది తెల్లగానే ఉంది. పైగా పడితే నడిమి అంకె కూడా చెడాలి. నడుమ డెబ్భై ఒకటి డెబ్భై ఒకటిగానే ఉంది. రెండో శాలకు చేరేసరికే కుడి అంచు ముప్పై తొమ్మిదికి దిగిపోయింది కాబట్టి తరువాతి ప్రయాణాల మీద నేరం మోపే వీలు కూడా లేదు.

"అయితే మన ఇంట్లోనే ఏటో జరిగినాదంటావా?" అన్నాడు నవీన్, ముద్ద నోటిదాకా తీసుకువెళ్ళి ఆపి.

కొలత అయిన మర్నాడే ఆమె దసరా సెలవులకు కన్నవారింటికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి లెన్సు రెండో శాలకు వెళ్ళిపోయింది. ఆ వారం రోజులు అది నరసింగరావుగారి గదిలో, ఆయన బీరువాలో, ఆయన తాళం కింద ఉంది. అంతకన్నా భద్రమైన చోటు ఆ శాలలో లేదు. ఆయన్ను అనుమానించడం ఆమెకు కలలోనైనా రాని సంగతి.

శనివారం వేరే పనులతో గడిచింది. సాయంత్రం ఇంటికి బయలుదేరుతూ ఆమె రాతిబల్లమీద గుడ్డ కప్పి, అంచులు సరిచేసి, మళ్ళీ తీసి మళ్ళీ కప్పింది. ఆరు నెలలపాటు ఆ గుడ్డ తీసే చేయి తనది కాకపోవచ్చు. అంతకన్నా ఎక్కువగా బాధించింది వేరొకటి. ఆ కాగితం మీద సంతకం చేసినవారి మాట, తరువాత ఎన్నేళ్ళు ఎంత జాగ్రత్తగా కొలిచినా, తనకు తాను చెప్పుకున్నప్పుడు కూడా సందేహంగానే వినిపిస్తుంది.

*

ఆదివారం పొద్దెక్కాక అత్తగారు కూర్మమ్మ వాకిట్లో చేట పక్కన పెట్టుకొని చోడిపిండి, అంటే రాగిపిండి, జల్లిస్తున్నది. సుహాసిని భర్త ఎల్లాజీ ధాన్యం బస్తాలు తోలే వ్యాను నడుపుతాడు; వారానికి ఒక్కనాడే ఇంటిపట్టున ఉంటాడు. అరుగుమీద కూర్చొని వ్యాను అద్దాన్ని పాతపంచె ముక్కతో తుడుస్తూ, భార్య చెప్పినదంతా విన్నాడు. విని, ఒక్క సంతకంతో పోయేదానికి ఇంత ఆలోచన ఎందుకన్నాడు. జీతం తగ్గదు, ఉద్యోగం పోదు. ఆరు నెలలు పెట్టెలు కడితే చేతులు అరిగిపోవు.

"పెట్టెలు కట్టడానికి నాకు సిన్నతనం కాదు మావా. నాను కొలిసినాను. కొలవనేదని నానే రాసివ్వాలా?"

ఎల్లాజీ అద్దంలో తన మీసం చూసుకుంటూ నవ్వాడు. "మరి నీకు రెండోసారి ఆలకొచ్చినదే వచ్చినాది గదే."

కూర్మమ్మ జల్లెడ ఆపి కొడుకు వైపు చూసింది. "ఒరే, బస్తా తూకంలో కేజీ తేడా వస్తే కాటావోడితో బజారంతా ఇనీలాగ దెబ్బలాడతావు. ఇది మాత్రం నోరు మూసుకోని సంతకం ఎట్టేయాలేటి?"

"అది ధాన్యమే అమ్మా."

"ఇది అద్దం. అంతే గదా తేడా." ఆమె మళ్ళీ జల్లెడ ఊపింది. కొడుకు మాట పడిపోయినందుకు ఆమె ముఖంలో తృప్తి దాగలేదు. పిండి జల్లించడం అయ్యాక ముగ్గురికీ చోడి అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ చిదిపి, కోడలి గిన్నె నిండుగా పోసింది.

*

సోమవారం ఉదయం సుహాసిని మళ్ళీ అంకెల దగ్గరకు వెళ్ళలేదు. అంకెలు ఏమి చెప్పగలవో అంతా చెప్పేశాయి. లెన్సుతో పాటు మూడు శాలలనుంచీ వచ్చిన కొలత పత్రాలను ముందేసుకొని, అంకెలు కాక మిగతావన్నీ చదవడం మొదలుపెట్టింది. గది వేడి, గాలిలో తేమ, కొలిచినవారి పేరుకు బదులు ముద్ర, పెట్టె తెరిచిన వేళ. ఎవరూ చదవని గడులవి. మూడో శాలవారి పత్రంలో అట్టడుగున, 'ఇతర విషయములు' అన్నచోట, చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: అడుగు కడియముపై పసుపుపచ్చని మచ్చ కలదు, తయారీదారు పెట్టిన గుర్తు కావచ్చునని తలచి, లెన్సును తుడవరాదను నిబంధన ననుసరించి ముట్టుకొనలేదు.

ఆమె ఆ వాక్యాన్ని వేలితో కప్పి మళ్ళీ తీసి చదివింది. పత్రం పక్కన పెట్టి లెన్సును తీసింది. ఇన్నాళ్ళూ నడుమును పట్టుకొని పైకెత్తి, అటునుంచి అటే పీటమీద కూర్చోబెడుతున్నదే గాని అడుగును తిప్పి చూసిన పాపాన పోలేదు. గాజుకున్న గౌరవం కడియానికి ఉండదు. కిటికీ వెలుగులో కడియాన్ని పక్కవాటుగా పట్టుకొని భూతద్దం దగ్గరకు చేర్చింది. ఇత్తడి మీద ఇత్తడి రంగుదే ఒక పొర. గోరంత వెడల్పు కూడా లేదు. మందం వెంట్రుకలో మూడో వంతు ఉంటుందేమో. ఎండి, పీటల కింద నలిగి నలిగి నున్నబడిపోయింది. ఆ పొర మందాన లెన్సు ఒకవైపు లేచి కూర్చుంటున్నది. నడిమి చూపుకు ఆ ఒరుగు పట్టదు. కుడి అంచుకు అదే చాలు.

శాల ఊడ్చే అసిరమ్మ చీపురు చంకలో పెట్టుకొని దగ్గరకు వచ్చింది. "ఏటి సూస్తన్నావమ్మీ, పేలు సూసినట్టు?"

సుహాసిని నవ్వి భూతద్దాన్ని ఆమె కంటి దగ్గర పెట్టింది. అసిరమ్మ ఒక కన్ను మూసి, నోరు కొంచెం తెరిచి చూసింది. ఆమెకు ఆలోచించవలసిన అవసరం రాలేదు.

"గెందం. దసరాకి బాబుగారు ఎట్టినారు గాదేటి. పళ్ళెం నానే పట్టుకున్నాను."

ఆయుధపూజనాడు నరసింగరావుగారు యంత్రాలన్నింటికీ గంధమూ కుంకుమా పెట్టారట. చివరకు బీరువా తెరిచి ఈ లెన్సును కూడా తీశారట. ఇది మూడు ఊళ్ళు తిరిగి శాల పేరు నిలబెట్టవలసినదని, దీనికి తప్పకుండా పెట్టాలని అన్నారట. గాజుకు తగలకూడదని లెన్సును బోర్లించి, ఉంగరపు వేలి కొసతో అడుగు కడియానికి చుక్కంత గంధం పెట్టి, చేతులు జోడించారట. మర్నాడు మెత్తని గుడ్డతో తానే తుడిచి పెట్టెలో పెట్టారట. అసిరమ్మ ఇదంతా చెబుతూ, ఆయన ఎంత జాగ్రత్తగా పెట్టారో తన వేలితో అభినయించి మరీ చూపించింది.

విన్న నవీన్ తల దించుకొని పెదవులు బిగబట్టాడు. అది నవ్వో భయమో తెలియలేదు. తరువాత గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. చుక్క స్పిరిట్టుతో తుడిచేసి, మళ్ళీ కొలిచి, ఏదో మురికి పడిందని రాసేస్తే సరిపోతుంది. పెద్దాయనకు తెలియవలసిన పని లేదు.

సుహాసిని చేతిలో స్పిరిట్టు సీసా ఉంది. మూత కూడా వదులు చేసింది. ఆ పొర ఉన్నంతసేపే ఆమె యాభై రెండుకు సాక్ష్యం ఉంది. తుడిచేస్తే మిగిలేది ఆమె మాట ఒక్కటే. అంతకు మించి, ఆయనకు తెలియకుండా ఆయన గంధాన్ని తుడవడానికి ఆమెకు చేయి రాలేదు. మూత తిరిగి బిగించింది.

*

నరసింగరావుగారు గడియారం చూసి, కాగితం తెచ్చావా అని అడిగారు. సుహాసిని సంతకం లేని కాగితాన్ని బల్లమీద పెట్టి, దానిపక్కన మెత్తని గుడ్డ పరిచి, లెన్సును బోర్లించి ఉంచింది. భూతద్దం ఆయన చేతికి ఇచ్చింది. కడియం సూడండి సార్ అని మాత్రం అన్నది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి వంగారు. మొదట ఒక పక్కనుంచి చూశారు. కిటికీ తలుపు ఇంకొంచెం తెరిపించి మళ్ళీ చూశారు. భూతద్దం దించి, లెన్సును ముక్కు దగ్గరకు తీసుకువెళ్ళి, కళ్ళు మూసుకొని వాసన చూశారు. నాలుగు నెలలు గడిచినా, మూడు ఊళ్ళ పీటలకింద నలిగినా, ఆ పొరలో ఇంకా ఏదో కొంచెం మిగిలి ఉండాలి. బయట అసిరమ్మ బకెట్ ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

"మూడో శాలవాళ్ళు రాసారు సార్, మచ్చ ఉన్నాదని," అన్నది సుహాసిని.

"వాళ్ళు సూసారు. నేను సూడనేదు." ఆయన లెన్సును గుడ్డమీద దించారు. "ఈ ఏలు నాదేనమ్మా. తుడిసినాననుకున్నాను."

తనను తప్పులో నిలబెట్టిన మనిషిమీద కోపం రావాలి గదా అని సుహాసిని తన లోపల వెతుక్కున్నది. కనిపించలేదు. దండం పెట్టుకున్న చేతిని చూస్తుంటే ఆమెకు జాలి కూడా కలగలేదు. ఏదో ఇంటి మనిషి దగ్గర కూర్చున్నట్టుగా ఉంది. అందుకే తొందరపడి, కడియానికి మచ్చ పడినందువల్ల లెన్సు ఒరిగిందని రాస్తే చాలునని, మచ్చ ఏమిటో ఎవరిదో ధనరాజుగారికి అక్కరలేదని అన్నది.

నరసింగరావుగారు టైపు చేసిన కాగితాన్ని తన వైపు లాక్కున్నారు. మొదటి మాట మీద వేలు పెట్టారు. అక్కడ 'సుహాసిని అను నేను' అని ఉంది.

"నీ తప్పని రాసినప్పుడు నీ పేరు ఎట్టాను. తప్పు నాదైతే మచ్చ అని రాయాలా?"

ఆయన కాగితాన్ని నిలువునా నాలుగు ముక్కలుగా చించి బుట్టలో వేసి, తెల్లకాగితం తీసుకొని స్వదస్తూరితో రాయడం మొదలుపెట్టారు. ఆయన రాత నిదానం. పంక్తి పంక్తికీ ఆగి, చదువుకొని, ముందుకు వెళ్ళారు. మొదటి కొలత నిర్దోషమనీ, తరువాతి మూడు శాలల కొలతలూ నిర్దోషమనీ, నడుమ తాను పూజాసమయంలో కడియానికి గంధమలది సరిగా తుడవలేదనీ, లెన్సును శుభ్రపరిచి మరొకసారి అన్ని శాలలకూ ఖర్చు తామే భరించి పంపుతామనీ రాశారు. చివర తమ పేరు పూర్తిగా రాశారు. ఆపైన బీరువా తాళంచెవిని తమ గుత్తినుంచి విడదీసి ఆమె ముందు పెట్టారు. నియమం నియమమే గనుక ఆరు నెలలు తాను లెన్సులను ముట్టుకోనని అన్నారు.

ఉత్తరానికి ముందు ఫోనులో చెప్పడం మర్యాద అని ధనరాజుగారికి ఫోను చేశారు. అవతలి మనిషి నవ్వుతోనే పలికారు. నలభై ఏళ్ళలో వేలిముద్రలు చూశాను, బూజు చూశాను, ఒకచోట చీమను కూడా చూశాను గాని గంధం ఇదే మొదటిసారి అన్నారు. లెన్సు మారిందని తెలిస్తే పట్టిక మొత్తం కొత్తగా మొదలవుతుందనీ, ఈ శాల మీద ఏ మచ్చా ఉండదనీ, మన్నన సంగతి రెండో తిరుగుడు అయ్యాక చూద్దామనీ చెప్పారు. అంటే మరో మూడు నాలుగు నెలలు ఆగాలి. నరసింగరావుగారు అందుకు ఒప్పుకొని ఫోను పెట్టేశారు. ఆయన ముఖం తేటబడింది.

గుమ్మంలో నిలబడి అంతా విన్న అసిరమ్మ ఆందోళనగా అడిగింది. "అయితే బాబూ, ఈ ఏడు పూజ నేదా?"

"ఎందుకు నేదు? పెట్టెకి పెడదాం. పెట్టె మూత మీద."

"మరి లెన్సుకి దిష్టి తగలదేటి?"

ఆయన ఆ ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. ఒక క్షణం ఆలోచించి, గాజు లోపలికి వెలుగు వస్తూ పోతూ ఉంటుంది గనుక దిష్టి కూడా ఆగదని అన్నారు. అసిరమ్మకు ఆ జవాబు నచ్చింది. చీపురు తీసుకొని వెళ్ళిపోయింది.

*

కడియాన్ని సుహాసినే తుడిచింది. దూదికి స్పిరిట్టు అద్ది, ఒకే వైపుకు, ఒకే ఒత్తిడితో, దూది తెల్లగా వచ్చేదాకా. ఆ పక్కన నరసింగరావుగారు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డారు. పొర వదలడానికి అయిదు దూదులు పట్టాయి. అయిదో దూది చూసి ఆమె తొడుగులు విప్పి, తొడుగులతో పాటు కుర్చీని కూడా నవీన్‌కు ఇచ్చింది. ఈ లెన్సు విషయంలో తన చేతిమీదనే మాట వచ్చింది గనుక తను కొలవడం బాగుండదని, తలుపు మూసుకొని ఒక్కడివే కొలవమని చెప్పి బయటకు వచ్చింది.

మిల్లు రోజుల్లో ధాన్యం ఆరబోసిన కళ్ళం ఇప్పటికీ శాల ముందు సిమెంటుతో తెల్లగా ఉంది. చూరునీడలో పీట వేసుకొని అసిరమ్మ ఇచ్చిన టీ తాగుతూ సుహాసిని ఎండను చూసింది. మాఘపు ఎండ. ఇంకా మాడ్చే వేడి రాలేదు. అసిరమ్మ తన మనవరాలి పెళ్ళిచూపుల సంగతి చెబుతున్నది. పెళ్ళికొడుకు మెడ కొంచెం ఒంకర అని, అయినా మనిషి మంచివాడని. సుహాసిని ఊ కొడుతూ ఒక గుటక తాగి ఒక గుటక మరిచిపోతూ, మూసిన తలుపు వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది.

తలుపు తెరుచుకుంది. నవీన్ నోటుపుస్తకం పట్టుకొని బయటకు వచ్చాడు. పుస్తకంలో అంకె రాయవలసిన గడి ఇంకా ఖాళీగానే ఉంది. పెన్ను మూత అతని పళ్ళ మధ్య ఉంది.

"ఏభై ఒకటి అక్కా," అన్నాడు, తనదేదో తప్పు ఉన్నట్టు. "ఇంకోపాలి సూస్తానుండు. ఏభై రెండు వస్తాది."

"ఎన్నిసార్లు సూసావు?"

"మూడుసార్లు. మూడుసార్లూ అదే."

ఒక పాయింటు తేడా మనిషికీ మనిషికీ మామూలేనని ఇద్దరికీ తెలుసు. దాన్ని పట్టించుకునేవారు ఏ శాలలోనూ ఉండరు. అయినా అతడు ఆమె వైపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఒక్క మాట అంటే లోపలికి వెళ్ళి, ఆమె అంకె వచ్చేదాకా మరలు విప్పుతూ బిగిస్తూ ఉండగలడు. కిటికీలోనుంచి నరసింగరావుగారు కూడా ఇటే చూస్తున్నారు.

"నీ సేతికి ఏటొచ్చినాదో అదే రాయి నవీన్," అన్నది సుహాసిని. "నాది నాకు వచ్చినాది."

అతడు పుస్తకాన్ని గోడకు ఆనించి, యాభై ఒకటి అని రాసి, కింద తన పేరు రాశాడు. సుహాసిని మిగిలిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తరువాతి లెన్సు తీయడానికి లోపలికి వెళ్ళింది.